ద్రష్టకు పరీక్ష

గత సంవత్సరము వర్షాకాలములో మా యక్కగారికి మేడమెట్లెక్కునపుడు రొమ్ములో బరువుగా నుండుట మొదలయ్యెను. ఆమెకు 61 ఏండ్లు. వేకువజామున వాకిలి చిమ్ముట మొదలు రాత్రి పాలు తోడువేయుట వఱకు సమస్తమును తన చేతిమీదుగా జరిగిననే తప్ప తృప్తిపడని మనిషి యగుటచే మూడు మాసము లెవరితోను చెప్పలేదు. తుద కామె మెట్లమీద కూలబడగా చూచి, బలవంతముగా పట్టణములోని యొక వైద్యశాలకు తీసికొనిపోయితిమి. అచట హృదయమునకు రక్తప్రసార మెట్లున్నదో తెలుపు స్కాను తీసిరి.

ఆ పటమును చూచిన వైద్యుడు గుండె ముందుగోడలో కొంతభాగము వెలవెలబోయి యున్నదనియు, ఎప్పుడో తెలియకుండ గుండెపోటు వచ్చి యచ్చటి కండరము దెబ్బతిని యుండవచ్చుననియు చెప్పెను. భయపడి, అదే పటమును మఱియొక చోట మఱియొక వైద్యునకు చూపితిమి. ఆయన కొంతసేపు తేఱిపాఱ జూచి, ఇది గుండెలోని లోపముగా తోచుటలేదనియు, శరీరపు నీడ కావచ్చుననియు అనెను. ఇరువురును అనుభవజ్ఞులే. ఇరువురును తొందరపడక చూచిన వారే. ఇంటికి వచ్చుచు కారులో మా యక్కగా రడిగిన ప్రశ్న యిది:

"బొమ్మ ఒకటే గదరా అబ్బాయీ! చదువుకున్నవాళ్ళు ఇద్దరు చూసి రెండు మాటలు చెబితే, నేనెవరి మాట పట్టుకోనూ?"

ఇరువదియేండ్లుగా పిల్లల ప్రశ్నలకు జవాబులు చెప్పి బ్రతుకుచున్న మేము ఆ పూట నోరు మెదపలేకపోతిమి. మేము సంస్కృతమును ఇంగ్లీషును చదివినవారము. భౌతికశాస్త్రముతో మాకు పరిచయము తక్కువ. అయినను ఆ ప్రశ్న మమ్ము వదలలేదు. తెలిసినవారి నడిగియు, గ్రంథములు తిరుగవేసియు గ్రహించినంత చదువరుల ముందు పెట్టుచున్నాము.

ముందుగా ఆ పట మెట్లు పుట్టునో చెప్పవలెను. టెక్నీషియమ్-99ఎమ్ అను పదార్థమును ఒక మందుతో కూర్చి రక్తములోనికి ఎక్కింతురు. అది ఆరు గంటలకు సగమగుచు తఱిగిపోవునది. గుండె కండరములో రక్తము బాగుగా పాఱుచోట ఎక్కువగను, పాఱనిచోట తక్కువగను నిలుచును. నిలిచినచోటినుండి గామాకిరణములు వెలువడును. 1950ల దశకములో కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో హాల్ ఆంగర్ అను నాయన నిర్మించిన కెమేరా సంతతికి చెందిన యంత్రము రోగి చుట్టును తిరుగుచు ఆ కిరణములను పట్టుకొనును. ఒకసారి శ్రమపెట్టియు, ఒకసారి విశ్రాంతిలోను పటములు తీయుదురు. అయితే యంత్రముముందు సన్నని రంధ్రములుగల సీసపు పలక యుండును. సూటిగా వచ్చిన కిరణమునే యది పోనిచ్చును. పదివేల కిరణములలో ఒకటి రెండు మాత్రమే దానిని దాటునట! అందుచేత పచ్చిపటము నున్నగా నుండదు. నల్లగుడ్డమీద రవ్వ చల్లినట్లుండును. దానిని గణితముతో కొంత నునుపు చేయుదురు. తక్కువ నునుపు చేసినచో రవ్వ మిగులును, లేని మచ్చ లున్నట్లు తోచును. ఎక్కువ నునుపు చేసినచో రవ్వతోపాటు ఉన్న మచ్చయు చెరగిపోవును.

ఇక నీడ సంగతి. గుండెనుండి కెమేరావఱకు వచ్చు త్రోవలో శరీరము అడ్డముండి కొన్ని కిరణములను మ్రింగివేయును. పురుషులలో తఱచుగా ఉదరవితానము, అనగా ఊపిరితిత్తులకును కడుపునకును నడుమనున్న కండరపుపొర, గుండె క్రిందిగోడమీద నీడ వేయును. స్త్రీలలో స్తనములు ముందుగోడమీద నీడ వేయును. రెండవ వైద్యుడు శరీరపు నీడ యనినది దీనినే. ఆయన ఆ మాటను మా యక్కగారితో చెప్పలేదు; ఆమెను బయట కూర్చుండబెట్టి మాతో చెప్పెను. మేమును ఆమెతో చెప్పలేకపోతిమి. కాళిదాసును తరగతిలో బోధింపగల మాకు, తోబుట్టువుతో ఆమె శరీరమునందలి యొక అవయవము పేరు పలుకుటకు నోరు రాలేదు! "ఒంటి నీడ" యని చెప్పి ఊరకుంటిమి. తన గుండెను గూర్చిన మాట తనకు తప్ప తక్కినవారి కందఱికిని తెలియుట యే మర్యాదయో మాకిప్పటికిని బోధపడదు.

చూచువారిలో భేద ముండుట క్రొత్త విషయము కాదు. అమెరికాలో క్షయరోగులను కనుగొనుటకు ఎక్స్‌రేలు తీయు రోజులలో, నాలుగు విధములైన ఫిల్ములలో ఏది మేలో తేల్చవలెనని కొందఱు వైద్యులును గణకులును పూనుకొనిరి. ఐదుగురు నిపుణులచేత పటములను విడివిడిగా చదివించిరి. 1947లో ప్రకటితమైన ఫలితము విచిత్రమైనది. ఫిల్ములకు నడుమనున్న భేదముకంటె చదువువారికి నడుమనున్న భేదము పెద్దదిగా నుండెను. ఒక్కరే అదే పటమును మఱల చదివినపుడు మొదట చెప్పినది చెప్పకపోవుటయు బయటపడెను. ఫిల్మును తూచబోయి వారు కంటిని తూచిరి!

దీనిని చదివినపుడు మొదట నవ్వు వచ్చెను. పిమ్మట మా గదిలోని పరీక్షకాగితముల కట్ట జ్ఞప్తికి వచ్చెను. త్రైమాసపరీక్షలో మేము దిద్దిన వ్యాసములు 20 తీసి, వేసిన మార్కులు కనబడకుండ అంచు మడిచి, నెలదాటిన పిమ్మట మఱల దిద్దితిమి. పదింటికి మార్కులు. ఏడు కాగితములలో రెండేసి మార్కుల భేదము వచ్చెను. మొదట ఉత్తీర్ణుడైన యొక బాలుడు రెండవమాఱు తప్పెను. ఆ యేడింటిలో నాలుగు వంకరదస్తూరివి. మొదటిమాఱు దిద్దినది ఆదివారము ఉదయము. రెండవమాఱు పాఠశాలనుండి వచ్చి యలసియున్న సాయంకాలము. మేము న్యాయముగా దిద్దుదుమని యూరిలో పేరు. ఆ పేరును మేమును నమ్ముచుంటిమి.

కామెర్లవానికి శంఖము పచ్చగా తోచునని మన నైయాయికులు తఱచుగా చెప్పు దృష్టాంతము. దోషము శంఖములో లేదు, కంటిలో నున్నదని వారెఱుగుదురు. కాని కంటిదోష మింత యని కొలిచి లెక్కకట్టుట వారు చేసినపని కాదు. ఆ పని రెండవ ప్రపంచయుద్ధకాలపు రాడారు తెరలయొద్ద మొదలైనది. తెరమీది చుక్క శత్రువిమానమా, వట్టి అలజడియా యని చెప్పవలసిన వానిని పరీక్షించుట కొక పద్ధతి యేర్పడెను. 1960ల దశకములో లీ లస్టెడ్ అను వైద్యుడు దానిని ఎక్స్‌రే చదువువారికి అన్వయించెను. దాని కీలకము ఉపాధ్యాయులకు సులభముగా తెలియును. ఒక పరీక్షకుడు కఠినుడు, ఒకడు దయాళువు. కఠినుడు తెలివిగలవారిని కొందఱిని తప్పించును. దయాళువు తెలివిలేనివారిని కొందఱిని గట్టెక్కించును. ఇంతమాత్రముచే ఒకనికి వివేక మెక్కువ, ఒకనికి తక్కువ యనరాదు. గీత గీయుచోటు వేఱు, వివేకము వేఱు. పటము చూచువానిని "ఉన్నదా, లేదా" యని మాత్రమే యడుగక, ఎంత నమ్మకముతో చెప్పుచున్నాడో మెట్లు మెట్లుగా చెప్పుమందురు. గీతను ఒక్కొక్క మెట్టునకు జరుపుచు, ఉన్నదానిని ఎన్నిమాఱులు ఉన్నదనెనో, లేనిదానిని ఎన్నిమాఱులు ఉన్నదనెనో వక్రరేఖగా గీయుదురు. ఆ రేఖక్రింది వైశాల్యమే వాని వివేకము. కన్నులు మూసికొని చెప్పువానికి 0.5; ఎన్నడును పొరబడనివానికి 1. తక్కిన మనమందఱము ఈ రెంటికి నడుమ!

ఇచ్చట నొక చిక్కు కలదు. వ్యాధి నిజముగా నున్నదో లేదో ముందే తెలిసిననేగాని వివేకము కొలుచుట పొసగదు. జీవించియున్న మనుష్యుని గుండె చీల్చి చూడలేము గదా. అందుచేత గణకయంత్రములో మొండెమును నిర్మించి, దానిలో గుండెను పెట్టి, కోరినచోట కోరినంత లోపమును తామే కల్పించి, కిరణములు దానినుండి వెడలి కెమేరాను చేరుటను లెక్కలతో అభినయింపజేసి, వేలకొలది పటములను పుట్టింతురు. ఏది లోపముగలదో ఏది లేనిదో చేసినవారికి తెలియును, చూచువారికి తెలియదు. ఇక ఆ పటములను ఇన్ని విధములుగా నునుపు చేసి, మందు మోతాదు ఇంతకు తగ్గించి, ఏది మేలని ప్రతిసారియు వైద్యుల నడుగవలెనన్న వారి కాయుష్యము చాలదు. మోతాదు తగ్గించుట చిన్నవిషయము కాదు. శ్రమ, విశ్రాంతి రెండు పటములకును కలిపి రోగికి తగులు కిరణప్రభావము సుమారు 10 మిల్లీసీవర్టులు, అనగా ప్రకృతివలన మనుష్యునకు సగటున నాలుగేండ్లలో తగులునంత. అడుగడుగునకు పిలువదగిన ద్రష్ట యొకడు కావలసివచ్చెను. వానినే ఇంగ్లీషులో మోడల్ అబ్జర్వర్ అందురు. మేము నమూనా ద్రష్ట యని వ్రాయుచున్నాము.

ఈ ద్రష్టకు మూలపురుషుడు అమెరికా గణకుడు హెరాల్డ్ హోటెలింగ్. 1931లో ఆయన అనేక కొలతలను ఒక్కసారిగా తీసికొని రెండు సమూహములను పోల్చు సూత్రమును ప్రకటించెను. మనదేశమున ప్రశాంతచంద్ర మహలనోబిస్, కలకత్తాలోని ఆంగ్లో ఇండియనుల శరీరపు కొలతలతో పనిచేయుచు ఇంచుమించుగా అదే త్రోవ త్రొక్కి, 1936లో తనపేరుతో నేడు వ్యవహరింపబడు దూరమును నిర్వచించెను. భావము గహనము కాదు. ఎత్తైనవానికి చేయియు పొడవుగనే యుండును. కనుక ఎత్తును చేయిపొడవును రెండు వేఱు సాక్ష్యములుగా లెక్కించుట యొకే సాక్షిని రెండుమాఱులు పిలుచుట వంటిది. ఎప్పుడును నిలకడలేక మాఱు కొలతకు విలువ తగ్గించవలెను. ఇట్లు సాక్ష్యముల బంధుత్వమును, చపలత్వమును తీసివేసిన పిమ్మట రెండు సమూహముల నడుమ మిగులునదే నిజమైన దూరము. హోటెలింగ్ ద్రష్ట చేయు పని యింతే. లోపముగల పటముల సగటును, లేని పటముల సగటును తీసి, వాని భేదమును ఈ విధముగా తూచి యొక అచ్చు పోసికొని, క్రొత్తపటమును దానితో సరిచూచి యొక సంఖ్య చెప్పును. వాని వివేకమును తెలుపు సంఖ్య మహలనోబిస్ దూరమే.

ఈ సందర్భమున మన తెలుగువాని పేరు చెప్పకపోయిన పాపము వచ్చును. గూడూరు, నూజివీడు, నందిగామ బడులలో చదివి, ఆంధ్ర విశ్వవిద్యాలయమున గణితములో పట్టముపొంది, 1941లో కలకత్తాకు పోయి మహలనోబిస్ యొద్ద చేరిన కల్యంపూడి రాధాకృష్ణారావుగారు, కొలతలనుబట్టి ఒక వస్తువు ఏ సమూహమునకు చెందినదో తేల్చు శాస్త్రమును 1948లో బహు సమూహములకు విస్తరింపజేసిరి. కేంబ్రిడ్జిలో సూడాను దేశపు ప్రాచీన అస్థికల కొలతలతో పనిచేసినవా రాయన. 2023లో దివంగతులైరి. ఎముకల వంశమును తేల్చిన గణితమును నేడు గుండె పటములకు పట్టుచున్నారని మా విద్యార్థులకు చెప్పగా ఒకడు, "లెక్కకు కులం లేదు కదండీ!" యనెను. వాడు వెనుకబల్లమీద కూర్చుండువాడు.

కాని హోటెలింగ్ ద్రష్టను ఉన్నవాని నున్నట్లు పనిలో పెట్టుటకు రెండు అడ్డంకులు కలవు. ఒకటి లెక్కపొడవు. నిలువున 64, అడ్డమున 64 గళ్ళుగల చిన్నపటములో 4,096 గళ్ళు. ప్రతి గడికిని ప్రతి గడితోడి బంధుత్వమును వ్రాయవలెనన్న 1,67,77,216 అంకెల పట్టిక కావలెను. రెండవ అడ్డంకి మఱింత ముఖ్యమైనది. వాడు మనుష్యునికంటె ఎక్కువ చూచును! పటమునందలి రవ్వ స్వభావ మంతయు ఎఱిగినవాడు; మన కంటి కందని భేదమునుగూడ పట్టుకొనును. వానికి బాగున్న పటము వైద్యునకు బాగుండునను నియమము లేదు. చదువు వచ్చినవాడు తన చదువుకొలది పాఠ్యపుస్తకము వ్రాసి పిల్లల నెత్తిన రుద్దినట్లుండును.

అందుచేత 1987లో కైల్ మయర్సు అను విదుషియు, ఆరిజోనా విశ్వవిద్యాలయపు హారిసన్ బారెట్టును ఆ ద్రష్టకు కళ్ళెము వేసిరి. మన దృష్టి పటమును గడిగడిగా చూడదు. సన్నని చారలకు కొన్ని, వెడల్పు చారలకు కొన్ని మార్గములు వేఱువేఱుగా నున్నట్లు చూచునని శరీరశాస్త్రజ్ఞు లప్పటికే కనుగొనియుండిరి. ద్రష్ట పటమునంతటిని చూడక, అట్టి కొలదిపాటి మార్గములద్వారా వచ్చిన సంఖ్యలనే చూడవలెనని విధించిరి. లెక్కయు తగ్గెను, గర్వమును తగ్గెను. అప్పటికిని మనుష్యునికంటె మేలుగా చూచినచో, అంతరపు అలజడి యనుపేర తీర్పునకు యాదృచ్ఛికమైన సంఖ్యను కలుపుదురు. అనగా యంత్రమునకు ఆదివారపు ఉదయమును, అలసిన సాయంకాలమును నేర్పుదురు! అదే పటమును రెండుమాఱులు చూపిన రెండు మాటలు చెప్పునట్లు చేయుదురు. ఇంత విద్య వెచ్చించి యంత్రమును మనుష్యునంత బలహీనుని చేయుట వ్యర్థమని కొందఱికి తోపవచ్చును. మాకు తోచదు. ఎవని కంటికొఱకు పటము తయారగుచున్నదో వాని బలహీనత లెక్కలోనికి రాకున్న ఆ లెక్క యెవనికొఱకు?

మఱికొంతకాలమునకు షికాగోలోని ఇల్లినాయి సాంకేతికసంస్థలో యోవాన్ బ్రాంకోవ్ ప్రభృతులు వేఱుత్రోవ పట్టిరి. మార్గములద్వారా చూచు ద్రష్ట ఒక్కొక్కమాఱు నునుపు మాఱగానే మనుష్యుల తీర్పునుండి తప్పిపోవుట వారు చూచిరి. మనుష్యు డెట్లు చూచునో ఊహించి సూత్రము వ్రాయుటకు బదులు, మనుష్యులు పటములకు వేసిన మార్కులనే యంత్రమునకు చూపి, వారు వేయునట్లు వేయుట నేర్పిరి. 2009లో ప్రకటించిన యీ పద్ధతిలో యంత్రము నేర్చుకొనునది గుండెను గూర్చి కాదు. గుండెను చూచువారిని గూర్చి. శిష్యుడు గురువు తప్పులతోసహా నేర్చుకొనుట మన పాఠశాలలలో దోషము; ఇచ్చట నదే విద్య.

దీనివలన పటపు మంచిచెడ్డలను గూర్చిన మాటయే మాఱినది. బారెట్టు మొదలగువా రెల్లప్పుడు చెప్పునది, ఈ పటము బాగున్నదా యని యడుగరాదనియు, ఏ పనికి, ఎవరికి బాగున్నదని యడుగవలెననియు. కంటికి ఇంపైన నున్నని పటము లోపమును దాచునదైన నది చెడ్డపటము.

అయితే మేము ఈ ద్రష్టను పొగడుటకు మాత్రమే కలము పట్టలేదు. చాల పరీక్షలలో వానికి లోప మెక్కడ నుండవచ్చునో ముందే చెప్పి, అచట నున్నదా లేదా యని మాత్రమే యడుగుదురు. వైద్యుడు పటమంతయు వెదకవలెను. రోగి మెట్లమీద కూలబడినదని వినవలెను. ఇంతేగాక, యంత్రములో కట్టిన మొండెములు ఎవరివి? విరివిగా వాడబడు ఎక్స్‌క్యాట్ అను గణితప్రతిమలను 2010లో ప్రకటించిరి. దానిలోని స్త్రీపురుషుల శరీరములకు ఆధారము అమెరికా జాతీయ వైద్యగ్రంథాలయమువారు 1994, 1995లలో వెలువరించిన ఇద్దఱు మృతుల ఛేదచిత్రములు. పురుషుని పేరు లోకమునకు తెలియును. స్త్రీ మేరీలాండు వాస్తవ్యురాలు, 59 ఏండ్లది. ఆమె పేరు ప్రకటింపలేదు. పిమ్మట ఆ ప్రతిమలను సన్నముగను లావుగను, పొడుగుగను పొట్టిగను మార్చి యొక కుటుంబమును పెంచినమాట నిజమే. అయినను పేరులేని ఆ తల్లి ఱొమ్ము నీడను చూచి నేర్చిన ద్రష్ట, ఆరుగురు బిడ్డలను కని, కంచములో మిగిలినది తిని బ్రతికిన మా యక్కగారి నీడను సరిగా గుర్తించునా యని మా సందేహము. మన ఆడవారి శరీరములును ఆ కుటుంబములో చేరవలెను. చేరవలెనన్న ముందు మనము వానిని గూర్చి నోరువిప్పి మాటలాడవలెను.

మా యక్కగారి సంగతి. రెండవ వైద్యుని సలహాపై, నీడను లెక్కకట్టి తీసివేయు యంత్రమున్నచోట స్కాను మఱల తీయించితిమి. అందులో సి.టి. పటముతో శరీర మెచ్చట నెంత దట్టముగా నున్నదో కొలిచి, మ్రింగబడిన కిరణములను తిరిగి లెక్కలో చేర్చుదురు. ముందుగోడ నిండుగా కనబడెను. మెట్లమీది బరువునకు కారణము రక్తహీనతయని పరీక్షలో తేలెను. నలుబదియేండ్లుగా అందఱును తినిన పిమ్మట తినుచు, వారమునకు రెండు ఉపవాసములు చేయు మనిషిలో రక్తహీనతను కనుగొనుటకు గామాకిరణములు కావలసివచ్చెను! మొదటి వైద్యుని మేము నిందింపము. ఆయన యెదుటనున్నది వెలవెలబోయిన పటమే.

ఆ రాత్రి మేము ధైర్యము తెచ్చుకొని, ఆమె నెదుట కూర్చుండబెట్టి, నీడ దేనిదో పేరుపెట్టి చెప్పితిమి. ఆమె సిగ్గుపడలేదు. ఒకింతసేపు మమ్ము చూచి, "ఈ ముక్కకేనా అబ్బాయీ, అప్పుడు నన్ను బయట కూర్చోబెట్టింది?" అనెను. పిమ్మట రెండు పటములను దీపముక్రింద పరచుకొని, వ్రేలితో ముందుగోడను తడవుచు, "దీంట్లో పాలిపోయింది, దీంట్లో లేదు. నాకూ తెలుస్తూనే ఉంది" అనెను. రెంటిని పాతచీరెలో చుట్టి పెట్టెలో పెట్టుచు, మాత్రలు తెచ్చుకొనుటకు మరుసటి నెల పోవునపుడు ఏది పట్టుకొని రావలెనని యడిగెను. రెండును తెమ్మంటిమి.